టేబుల్ దాటిన గుర్రాలు చచ్చినట్టా, బతికినట్టా?

పెన్నాఒడ్డు
నిన్న ఆదివారం నెల్లూరులో మా మేడ మీద చందుర్తి యుద్ధాన్ని బొమ్మలతో, పాచికలతో ఆడాం. అదే, 1758 డిసెంబరుది, ఇంగ్లీషు పుస్తకాల్లో కాండోర్ అని ఉంటుంది. నేను ఫ్రెంచి వైపు, మా బావమరిది ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ వైపు. 1/72 ప్లాస్టిక్ బొమ్మలు, 6×4 అడుగుల టేబుల్. టేబుల్ అంటే రెండు ప్లైవుడ్ ముక్కలు, వాటి కింద నవారు మంచం.

మూడో టర్నులో నా గుర్రాల యూనిట్ వాళ్ల ఎడమ చివరి సిపాయిల మీద పడింది. సిపాయిలు తిరిగి పరుగెత్తారు. వాళ్ల వెనక నాలుగు అంగుళాలే ఉంది, టేబుల్ దాటిపోయారు. అక్కడిదాకా గొడవ లేదు. వెంటపడ్డ నా గుర్రాలకి మూడు పాచికల్లో 11 పడింది, అంటే అన్ని అంగుళాలు పరుగెత్తాలి. అవి కూడా దాటాయి. మావాడు రెండు యూనిట్లూ తీసి డబ్బాలో పడేశాడు. పారిపోయినోడికీ తరిమినోడికీ ఒకటే శిక్షా అంటే, "టేబుల్ దాటితే చచ్చినట్టే బావా" అంటాడు.

మేం సొంతంగా రాసుకున్న రూల్స్ నాలుగు పేజీలు ఉన్నాయి. ఫిరంగి చక్రం బురదలో దిగబడితే ఏం చెయ్యాలో కూడా రాశాం. టేబుల్‌కి అంచు ఉంటుందని మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆట అక్కడే ఆగిపోయింది. మీరెట్టా ఆడతారు?

కావలి_కాపలా
గీత దాటితే ఔట్. కబడ్డీలో ఔటైనోణ్ణి ఇంకా లోపలికి రానిస్తారా? డబ్బాలో వెయ్యి, తర్వాతి టర్ను ఆడు.

కర్నూలురోడ్డు
ఒంగోలు నుంచి. నేను డీబీఏ మనిషిని. 1990 నుంచి ఉన్న బొమ్మల యుద్ధాల ఆట, ఒక్కో వైపు 12 ఎలిమెంట్లే, అంటే బొమ్మలు అతికించిన ముక్కలు. అందులో టేబుల్ దాటింది పోయినట్టే లెక్క. నాలుగు పోయి, అవతలివాడికి అంతకన్నా తక్కువ పోయి ఉంటే ఓటమి. తరుముతూ దాటినా అంతే, ఎవరూ అలగరు.

కానీ ఒకటి చూడు తమ్ముడూ. రెండడుగుల బల్ల, గంటలో ఆట ముగుస్తుంది. పోయిన గుర్రాల గురించి బాధపడేలోపు ఇంకో ఆట మొదలవుతుంది. నువ్వేమో ఆదివారమంతా కూర్చుని ఆడేది. మధ్యాహ్నం భోజనం ముందు పోయిన యూనిట్ సాయంత్రం టీ దాకా డబ్బాలో ఉంటే కడుపు మండుతుంది. ఆ రూలు తప్పు కాదు, నీ ఆటకి సైజు సరిపోదు.

పాచికల_పంతులు
కందుకూరు నుంచి. నేను లెక్కల మాష్టారుగా రిటైరయ్యాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

టేబుల్ అంచు వడ్రంగి కోసినది. యుద్ధభూమికి అక్కడ అంచు లేదు. చందుర్తిలో ఆ పొలం తర్వాత ఇంకో పొలం ఉంది, దాని తర్వాత తాటితోపో, చెరువో ఉంది. కాబట్టి దాటిన యూనిట్ బతికిందా చచ్చిందా అని అడిగే ముందు అసలు ఎందుకు దాటింది అని అడగాలి. ప్రాణభయంతో పోయినవాడు ఒకడు. గెలిచిన ఊపులో పగ్గం ఆగక పోయినవాడు ఇంకొకడు. యజమాని పొమ్మంటే పద్ధతిగా పోయినవాడు మూడోవాడు. ముగ్గురినీ ఒకే డబ్బాలో వెయ్యడం అన్యాయం.

రెండోవాడి కథ చరిత్రలో చాలాసార్లు జరిగింది. క్రీస్తుపూర్వం 301లో ఇప్సస్ దగ్గర, అలెగ్జాండర్ వారసుల యుద్ధంలో, దిమిత్రియస్ తన గుర్రాలతో సెల్యూకస్ కొడుకు అంతియోకస్‌ని ఓడించి, ఆ ఊపులో తరుముకుంటూ దూరం వెళ్లిపోయాడు. తిరిగి చూస్తే మధ్యలో సెల్యూకస్ ఏనుగులు అడ్డం నిలబడి ఉన్నాయి. ఇక్కడ ఎనభై దాటిన తండ్రి ఆంటిగోనస్, కొడుకు వచ్చి ఆదుకుంటాడని ఎదురుచూస్తూ ఈటెల కింద పడిపోయాడు. దిమిత్రియస్ చావలేదు. రాలేకపోయాడు, అంతే. చావుకీ రాలేకపోవడానికీ మధ్య ఉన్న ఆ తేడానే మన రూలు పట్టుకోవాలి.

1645 జూన్ 14న ఇంగ్లండులో నేజ్‌బీ కూడా అలాంటిదే. రాజు సేనలో రూపర్ట్ యువరాజు కుడివైపు నుంచి దూసుకెళ్లి పార్లమెంటు వాళ్ల ఎడమ రెక్కని విరిచాడు, ఆగకుండా వెనకున్న సామాను బండ్ల దాకా పోయాడు. ఈలోపు అవతలి రెక్కలో పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ గెలిచినా, కొందరినే వెంటపంపి, మిగతా గుర్రాల్ని అదుపులో పెట్టుకుని రాజు కాలిబంట్ల మీదకి తిప్పాడు. రూపర్ట్ తిరిగొచ్చాడు. వచ్చేసరికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

అంచేత నా మాట: తరిమినవాడు రావాలి, ఆలస్యంగా రావాలి, ఎప్పుడొస్తాడో నీకు తెలియకూడదు.

పెన్నాఒడ్డు
మాష్టారూ, దండం. ఇది ప్రింటు తీసి మావాడి మొహాన కొడతా.

మైపాడు_అల
కొట్టే ముందు నాది కూడా విను. నేను వార్‌హామర్ ఫాంటసీ అనే బొమ్మల యుద్ధాల ఆట పాత ఎడిషన్లు ఆడినదాన్ని. అందులో పారిపోతున్న యూనిట్ అంచుని తాకితే తీసేస్తారు. తరుముతూ దాటింది మాత్రం తర్వాతి టర్నులో ఎక్కడ దాటిందో అక్కడి నుంచే తిరిగొస్తుంది. మాష్టారు చెప్పిన తేడా అక్కడ ఎప్పటినుంచో ఉంది. దాని చెల్లెలు వార్‌హామర్ 40కెలో విమానాలు ఇంకా హాయి. వేగంగా పోయి అంచు దాటితే రిజర్వులోకి వెళ్తాయి, తర్వాత మళ్లీ వస్తాయి. విమానం టేబుల్ దాటితే కూలిపోయిందని ఎవరైనా అంటారా!

నా అనుభవంలో అసలు తలనొప్పి తరిమినవాడితో రాదు, మాష్టారి మూడోవాడితో వస్తుంది. చావబోతున్న యూనిట్‌ని ముందే బయటికి నడిపించేసి, "అది బతికే ఉంది, నీకు పాయింట్లు రావు" అంటారు కొందరు. చివరి టర్నులో నా ఎదురుగా ఒకాయన ఇట్టాగే రెండు యూనిట్లని మెల్లగా నడిపించి టేబుల్ దించేశాడు, పెళ్లిలో భోంచేసి చెప్పకుండా జారుకున్నట్టు. ఆ రోజు నుంచి మా దగ్గర రూలు: ఆటలో ముందే చెప్పిన దారి ఉంటేనే కావాలని దాటాలి. లేకపోతే అవతలివాడికి పూర్తి పాయింట్లు.

ఉదయగిరిదుర్గం
కావలి తమ్ముడూ, కబడ్డీ నువ్వు సగమే చెప్పావు. ఔటైనోడు పక్కన కూర్చుంటాడు, మనవాళ్లు అవతల ఒకణ్ణి పడగొడితే ముందు పోయినోడు ముందు లోపలికొస్తాడు. డబ్బాలో వేసి మూత పెట్టరు. చెడుగుడు ఆడిన ఊరోళ్లకి కూడా ఇది తెలుసు.

ఇంకోటి, ఎవరూ లెక్క వెయ్యడం లేదు. గుర్రాలు మూడు పాచికలతో పరుగెత్తితే సగటు పదిన్నర అంగుళాలు. అంచుకి 6 అంగుళాల దూరంలో యూనిట్ పెట్టావనుకో, 216 సార్లు వేస్తే 206 సార్లు మొదటి పరుగులోనే బయట ఉంటుంది. అదే 12 అంగుళాల దూరంలో పెడితే 81 సార్లే దాటుతుంది. అంటే మధ్యలో ఉన్నోడికి ఆగి తిరిగి నిలబడే అవకాశం ఉంది, చివర్లో ఉన్నోడికి లేదు. ఒకే సిపాయి, ఒకే ధైర్యం. ఎవడు ప్లైవుడ్ అంచుకి దగ్గరున్నాడన్నదే తేడా. ఇది యుద్ధం కాదబ్బా, వడ్రంగం.

మేం చేసేది ఏందంటే, టేబుల్ చుట్టూ 6 అంగుళాలు సుద్దతో గీత గీసి వదిలేస్తాం. అక్కడ యూనిట్లు మొదట పెట్టకూడదు, ఆటలో తిరగొచ్చు. పారిపోయే వాళ్లకి అదే ఊపిరి.

కావలి_కాపలా
ఒప్పుకున్నా అన్నా. చిన్నప్పుడు నన్ను ఎప్పుడూ చివర్లో కూర్చోబెట్టేవాళ్లు, లోపలికి రావడం గుర్తులేదు.

ఫోర్డ్_నేనే
ఆ బావమరిదిని నేనే. బావ లింకు పంపి "చూడు" అన్నాడు, చూశాను. అందరూ గుర్రాల మీద జాలిపడుతున్నారు, నా సిపాయిల సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. తరిమినోడు తిరిగొస్తే, పారిపోయినోడు ఎందుకు రాకూడదు? మాష్టారి లెక్కన అక్కడ పొలాలే కదా, తాటితోపే కదా. నా వాళ్లు తోపులో ఊపిరి తీసుకుని తిరగలేరా?

రెండోది. మా బావ వేసిన యుద్ధంలోనే సమాధానం ఉంది, ఆయన చదవలేదు. చందుర్తిలో ఫోర్డ్ సిపాయిలు ఎర్ర కోట్లలో ఉన్నారు. ఫ్రెంచివాళ్లు దూరం నుంచి చూసి వాళ్లనే తెల్లవాళ్ల పటాలం అనుకుని మీద పడ్డారు. సిపాయిలు విరిగారు, నిజమే. ఫ్రెంచి పటాలం గెలిచామనుకుని వరస చెదరగొట్టుకుని తరిమింది. అప్పుడు పక్కన ఉన్న అసలు తెల్లవాళ్ల పటాలం తిరిగి వాళ్ల పక్కటెముకల్లో పొడిచింది. యుద్ధం అక్కడే పోయింది. తరమడం బహుమానం కాదు బావా, అదే పొరపాటు. నీ గుర్రాలు వెంటనే చక్కగా వరస కట్టుకుని తిరిగొస్తాయంటే చరిత్రకి అర్థం లేదు.

అన్నట్టు ఆ ఫోర్డే అంతకు ఏడాది ముందు, 1757లో, మన నెల్లూరు కోట దగ్గరికొచ్చి పట్టుకోలేక వెనక్కి పోయాడు. ఆయన కూడా టేబుల్ దాటి పోయినవాడే. చచ్చిపోలేదు, మరుసటేడు చందుర్తిలో కనిపించాడు.

పాచికల_పంతులు
శభాష్ అబ్బాయ్. నీ ప్రశ్న న్యాయమైనది, నేను పారిపోయినవాడికి సగమే న్యాయం చేశాను. పారిపోయినవాళ్లు తిరిగొస్తారు, కానీ ఆ పూట రారు. మర్నాడు వస్తారు, వారం తర్వాత వస్తారు. ఆయుధం పారేసి, చెప్పులు పోగొట్టుకుని, ఊళ్లో అన్నం తిని వస్తారు. ఒక్కరోజు ఆటలో వాళ్లని తీసెయ్యొచ్చు. వరసగా మూడు నాలుగు యుద్ధాలు ఆడేటప్పుడు మాత్రం తీసెయ్యకూడదు.

నువ్వు ఫోర్డ్ పేరెత్తావు కాబట్టి, అదే యుద్ధంలో కాన్‌ఫ్లాన్స్ పేరు కూడా ఎత్తాలి. ఫ్రెంచి సేనాని ఆయనే. ఓడిపోయాక గుర్రమెక్కి పగ్గం లాగకుండా రాజమండ్రి దాకా పోయాడు. జనరలే టేబుల్ దాటాడు! డబ్బాలో వేద్దామా? మరుసటేడు, 1759 ఏప్రిల్లో, మచిలీపట్నం కోటలో ఫోర్డ్ ఎదురుగా ఉన్నది ఆయనే. మళ్లీ ఓడాడు, అది వేరే సంగతి. మీరు చందుర్తి తర్వాత మచిలీపట్నం ఆడేట్టయితే పారిపోయిన యూనిట్లకి సగం మందిని ఇవ్వండి, తరిమి దాటినవాళ్లకి పూర్తిగా ఇవ్వండి.

ఫోర్డ్‌కి మిత్రుడైన విజయనగరం ఆనందరాజు సేన సంగతి కూడా చూడండి. వాళ్లు ఎండిన చెరువు పల్లంలో దూరి కూర్చున్నారట. టేబుల్ మీదే ఉండి లేనట్టే. దీనికి ఏ రూలు రాస్తారు!

కర్నూలురోడ్డు
హహ. ఆ చెరువుకి మా దగ్గర రూలు ఉంది మాష్టారూ, "మిత్రుడు ఆడటానికి రాలేదు" అని.

పలక_పెట్టె
మార్కాపురం నుంచి. రూలు మీరు తేల్చుకోండి, నేను పనికొచ్చే మాట ఒకటి చెప్తా. దాటిన యూనిట్ ఎక్కడ పెట్టాలి? డబ్బాలో పెడితే మర్చిపోతారు. మాకు రెండుసార్లు అయింది, ఆట అయిపోయాక డబ్బాలో బతికున్న గుర్రాలు కనిపించాయి. టేబుల్ పక్కనే నేల మీద పెడితే ఎవరో ఒకరు తొక్కుతారు. ఈటె విరిగితే ఫెవిక్విక్ కూడా సరిగ్గా పట్టదు.

మా దగ్గర పలకలకి కొదవ లేదు కదా. చిన్నపిల్లల పలక ఒకటి టేబుల్ ప్రతి పక్కనా పెడతాం. దాటిన యూనిట్ ఆ పలక మీదకి పోతుంది. పక్కనే సుద్దతో రెండు రాస్తాం: ఏ టర్నులో దాటింది, ఏ మూల నుంచి ఎన్ని అంగుళాల దగ్గర దాటింది. అంగుళం రాయడం మర్చిపోవద్దు. "ఇక్కడే ఎక్కడో దాటిందిలే" అంటే అది ఎప్పుడూ దాటినోడికి అనుకూలమైన చోటికి జరుగుతుంది.

విరిగిన పలక ముక్కలు పారెయ్యకండి, కొండలకి బాగా పనికొస్తాయి. పొరలు పొరలుగా విరుగుతాయి, రంగు కూడా వెయ్యక్కర్లేదు.

మైపాడు_అల
పలక ఐడియా దొంగిలిస్తున్నా.

మాష్టారూ, తిరిగిరావడానికి పాచిక ఎంతకి పెడదాం? ఆరు ముఖాల పాచికలో 4 ఆపైన అంటే ఎక్కువా?

పాచికల_పంతులు
లెక్కేద్దామమ్మా. వీళ్ల ఆట 8 టర్నులు. మూడో టర్నులో దాటారు. నాలుగో టర్ను పూర్తిగా బయటే, తరిమిన గుర్రాలు ఆగి, నీళ్లు తాగి, బూర విని కూడుకోవాలి కదా. అయిదు నుంచి ఎనిమిది దాకా నాలుగు సార్లు వెయ్యొచ్చు. 4 ఆపైన పడితే అనుకుంటే, నాలుగుసార్లూ తప్పే అవకాశం పదహారింటికి ఒకటి. అంటే దాదాపు ఖాయంగా వస్తాయి. అప్పుడు రూపర్ట్ భయం ఎక్కడుంటుంది? 5 ఆపైన పెట్టండి. అప్పుడు నాలుగు ప్రయత్నాల్లో 81కి 65 సార్లు వస్తాయి, కానీ రెండు ప్రయత్నాల్లోపు వచ్చేది సగం కంటే కాస్త ఎక్కువ, 9కి 5. వస్తాయి, ఎప్పుడో తెలీదు. ఆ టెన్షనే కావాల్సింది.

సేనాని వ్యక్తిత్వం చూపాలంటే, క్రామ్‌వెల్ లాంటి వాడికి తరిమే ముందే ఒక పాచిక ఇవ్వండి, ఆపగలిగితే ఆపుకుంటాడు. అసలు మెలకువ తిరిగి రావడంలో కాదు, పోకుండా ఉండటంలో ఉంది.

ఉదయగిరిదుర్గం
ఇంకో రకం ఉంది, ఎవరూ ఎత్తలేదు. అసలు టేబుల్ మీదకి ఇంకా రాని వాళ్లు. 1815 జూన్ 18న వాటర్లూ యుద్ధం నాడు నెపోలియన్ సేనాని గ్రూషీ దగ్గర 33 వేల మంది దాకా ఉన్నారు, ఆట మొత్తం దూరంగా వావ్ర దగ్గరే గడిపారు. ప్రష్యన్లేమో సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో నెపోలియన్ కుడి అంచు నుంచి టేబుల్ ఎక్కారు. మీరు తిరిగొచ్చే గుర్రాలకి రాసే రూలే కొత్తగా వచ్చే సేనకి కూడా పనికొస్తుంది. రెండు రూల్స్ రాసుకోవద్దు.

మా ఊరి కొండ మీద ఆడితే ఇది ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. 1513–14లో కృష్ణదేవరాయలు ఉదయగిరి ముట్టడి ఏడాదిన్నర నడిపాడు. అట్టాంటి ఆటలో కోట నుంచి జారుకున్నోడు టేబుల్ దాటితే చచ్చినట్టు కాదు, గజపతికి కబురు తీసుకెళ్లినట్టు. అక్కడ దాటడమే గెలుపు.

కావలి_కాపలా
అంపైరుని పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు కదా?

పాచికల_పంతులు
ఉండదు. 1824లో ప్రష్యా సైన్యానికి రైస్విట్జ్ రాసిన క్రీగ్‌స్పీల్ అనే యుద్ధపు ఆట అట్టాగే నడిచేది. 1:8000 మ్యాపు, టర్నుకి రెండు నిమిషాల కాలం, మధ్యలో అన్నీ చూసే అంపైరు. మ్యాపుకి అంచు ఉంది, అంపైరు బుర్రకి లేదు. మ్యాపు దాటిన దళం ఏం చేస్తోందో ఆయనే ఊహించి చెప్తాడు. కానీ మూడో మనిషి ఆదివారం మొత్తం ఆడకుండా కూర్చోవాలి. మీ ఇంట్లో ఎవరున్నారు అట్టాంటివాళ్లు?

ఫోర్డ్_నేనే
మా అక్క ఉంది. అడిగాం. "మీ బొమ్మలు నా మంచం ఎప్పుడు దిగుతాయో చెప్పండి, అంపైరింగు తర్వాత" అంది.

పెన్నాఒడ్డు
సరే, అందరి మాటా కలిపి ఇట్టా రాసుకున్నాం. టేబుల్ చుట్టూ 6 అంగుళాల గీత, ఆట మొదట్లో అందులో ఎవరూ ఉండరు. పారిపోతూ దాటితే ఆ ఆటకి సెలవు, తర్వాతి యుద్ధానికి సగం మంది. తరుముతూ దాటితే పలక మీద, ఒక టర్ను ఖాళీ, తర్వాత ప్రతి టర్నూ 5 ఆపైన. వచ్చిన టర్నులో వరస చెదిరి ఉంటుంది, దాడి చెయ్యకూడదు. ఇది మావాడి షరతు, ఒప్పుకోక తప్పలేదు. కావాలని దాటితే పూర్తి పాయింట్లు అవతలివాడికి, ముందే చెప్పిన దారి ఉంటే తప్ప.

వచ్చే ఆదివారం మళ్లీ వేస్తున్నాం. కర్నూలురోడ్డు అన్నా, పినాకిని ఎక్కితే మన ఇంటికే రా. మధ్యాహ్నం చేపల పులుసు.

కర్నూలురోడ్డు
పులుసు అన్నాక రూల్స్ గురించి ఏం మాట్లాడతాను, వస్తున్నా.

పెన్నాఒడ్డు
ఆడాం. కర్నూలురోడ్డు అన్న కూడా చూశాడు, సాక్షి. నా గుర్రాలు నాలుగో టర్నులో దాటాయి, ఏడో టర్నులో 6 పడింది, ఊగిపోయా. పలక మీద "కుడి మూల నుంచి 14 అంగుళాలు" అని ఉంది. టేప్ పెట్టి చూస్తే ఆ పద్నాలుగో అంగుళం మీద మా బావమరిది ఫిరంగి తీసుకొచ్చి నిలబెట్టి ఉన్నాడు. మూతి నా వైపు. "నాకు తెలుసు బావా ఎక్కడి నుంచి వస్తావో, పలక మీద రాసుంది కదా" అంటాడు.

ఇప్పుడు ఎక్కడ పెట్టాలి నా గుర్రాల్ని?

పలక_పెట్టె
అంగుళం రాయమన్నది నేనే. క్షమించు. పలక బోర్లించి పెట్టాలని చెప్పడం మర్చిపోయా.

మైపాడు_అల
అటూ ఇటూ ఆరేసి అంగుళాల లోపల ఎక్కడి నుంచైనా రావచ్చని పెట్టుకోండి. ఏ వైపో వచ్చే టర్నులోనే పాచిక వేసి తేల్చాలి, సరి అయితే కుడి, బేసి అయితే ఎడమ. అక్కడా శత్రువు ఉంటే ఇంకో టర్ను ఆగాలి.

ఫోర్డ్_నేనే
నాకు రెండు ఫిరంగులు ఉన్నాయి అక్కా.